రోజుకు ఇరవై తాగేవాణ్ణి

నేను మొదటి ప్రయత్నంలోనే పూర్తిగా మానేయగలిగింది జీవితంలో ఒక్కటే. బడి. ఏడో తరగతిలో మానేశాను. ఆ తరవాత ఒక్కరోజు కూడా మనసు అటు లాగలేదు, చేతులు వణకలేదు, ఇంట్లోవాళ్ళ మీద అరవలేదు. సిగరెట్ కూడా అలాగే పోతుందనుకున్నాను. పోయి ఉంటే ఈ వ్యాసం ఈపాటికి అయిపోయేది.

"రావుగారూ, మీ కాలు సంగతి రాయండి, నలుగురికీ పనికొస్తుంది" అని మా తెలుగు సంఘం పత్రికవాళ్ళు అడిగారు. ఆ కాలు నాకే సరిగ్గా పనికిరావడం లేదు, ఇంక నలుగురికేం పనికొస్తుందని తప్పించుకున్నాను. కానీ ఈమధ్య ఒక పార్టీలో మనవాళ్ళ కుర్రాడొకడు గరాజ్‌లో నిలబడి, బూటు విప్పి వేళ్ళు రుద్దుకుంటూ, రెండో చేత్తో సిగరెట్ కాలుస్తున్నాడు. "చలి అంకుల్" అన్నాడు. నేనూ అదే అనేవాణ్ణి. అందుకే రాస్తున్నాను.

నాది విశాఖపట్నం. అక్కడ లారీల షెడ్డులో పెరిగాను. మా ఆవిడ సుగుణ నర్సు. ఆవిడ ఉద్యోగం మీద అమెరికా వచ్చింది, ఆవిడ సామానుతో పాటు నేనూ వచ్చాను. డెట్రాయిట్ దగ్గర ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇల్లు, పక్క ఊళ్ళో గేరుబాక్సులు బాగుచేసే షెడ్డులో నా పని. 1981 శీతాకాలం మొదట్లో ఎడమ కాలి వేళ్ళు చల్లబడి, రంగు మారడం మొదలైంది. కారు దగ్గర నుంచి షెడ్డు తలుపుదాకా నడిస్తే పిక్క పట్టేసేది. ఒక నిమిషం ఆగి, ఏదో ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టి, మళ్ళీ నడిచేవాణ్ణి. "రావు ఈమధ్య బాగా ఆలోచిస్తున్నాడు" అనుకునేవాళ్ళు. చిటికెన వేలి మీద ఒక పుండు లేచింది. బూటు కరిచిందన్నాను. నెల దాటినా మానలేదు. ఒకరోజు సుగుణ సాక్సు లాగి చూసి, ఏమీ అనకుండా వెళ్ళి డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకుంది. ఆవిడ ఏమీ అనకపోతే నాకు భయం.

జనవరిలో ఒక శుక్రవారం. వెయిటింగ్ రూమ్‌లో నా ఎదురుగా ఒకాయన కూర్చున్నాడు, చక్రాల కుర్చీలో. ఆయన ప్యాంటు ఒక కాలు మడిచి పిన్నుతో గుచ్చి ఉంది. నేను గోడ మీది చేపల బొమ్మ కేసి చూశాను. గంటసేపు ఆ ఒక్క బొమ్మనే చూశాను. ఇవాళ్టికీ ఆ చేపల్ని గీయమంటే గీస్తాను.

డాక్టరు ముసలాయన. ఎక్కువ మాట్లాడలేదు. "నీ వయసు ముప్ఫై మూడు. పొగవల్ల నీ కాలి రక్తనాళాలు మూసుకుపోతున్నాయి. ఈ జబ్బుకి మందు లేదు. సిగరెట్ మానేస్తే ఆగుతుంది, లేకపోతే పైకి పాకుతుంది. సిగరెట్టూ, కాలూ, రెండిట్లో ఒకటే ఉంచుకో" అన్నాడు.

"రోజుకి రెండు మూడు చేస్తే?" అన్నాను, బేరానికి దిగుతూ.

"సగం కాలు చాలా నీకు?" అన్నాడు. ఆ తరవాత ఒక్కటి కూడా, ఎవరిదో ఒక్క దమ్ము కూడా వద్దన్నాడు. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాడు. కాలికి చలి తగలకూడదు.

బయట బల్ల దగ్గర ఒకావిడ ఫారాలు నింపుతోంది. మానేసేవాళ్ళకి క్లాసులుంటాయి, ఆవిడ రాసిస్తుందన్నారు. ఇక్కడ నా ఇంగ్లీషు గురించి చెప్పాలి. అయిదేళ్ళు షెడ్డులో నేర్చుకున్న ఇంగ్లీషు అది. షెడ్డులో సిగరెట్ అడగడానికి క్రియాపదం అక్కర్లేదు, రెండు వేళ్ళు చూపిస్తే చాలు. అవసరం పడినప్పుడు, అదీ బుర్ర పనిచేయనప్పుడు, నోట్లోంచి వచ్చేది తెలుగే, ఇంగ్లీషు చొక్కా తొడుక్కుని. తెలుగులో మనం సిగరెట్ ఏం చేస్తాం? తాగుతాం.

"డాక్టరు తాగడం ఆపమన్నాడు" అని ఇంగ్లీషులో చెప్పాను.

"రోజుకి ఎన్ని?"

"ఇరవై. ఆదివారం అయితే రెండు ప్యాకులు."

ఆవిడ పెన్ను ఆగింది. "మొదటిది ఎప్పుడు?"

"పొద్దున్నే. కాఫీకి ముందు."

"పనిలో కూడానా?"

"కారు కింద పడుకుని కూడా" అన్నాను, కొంచెం గర్వంగానే.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నిజం ఒప్పుకున్నావు, అదే పెద్ద అడుగు" అంది. ఈ దేశంలో సిగరెట్‌ని ఇంత సీరియస్‌గా తీసుకుంటారా అని నాకు కళ్ళు చెమర్చాయి. ఒక చర్చి అడ్రసు, సోమవారం సాయంత్రం ఆరింటికి అని చీటీ రాసిచ్చింది. మీటింగ్ దేనికో దాని మీద లేదు. నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన సుగుణ చూసి, మడిచి పర్సులో పెట్టుకుంది. ఇంటికి వెళ్ళగానే నా సిగరెట్లు, లైటర్, యాష్‌ట్రేలు ఒక సంచిలో వేసి, తనే పట్టుకెళ్ళి ఎక్కడో పారేసి వచ్చింది.

శనివారం తెల్లారేసరికి మంచు. కారు కనబడలేదు. కారున్న చోట తెల్లటి దిబ్బ ఒకటుంది. సుగుణని తెల్లవారుజామునే ఆసుపత్రి వాళ్ళు పెద్ద బండి పంపి తీసుకెళ్ళారు. మధ్యాహ్నం ఫోన్ చేసి, తరవాతి షిఫ్టు వాళ్ళు రాలేకపోతున్నారు, తనని అక్కడే ఉండమన్నారని చెప్పింది. అప్పుడు అయిదో నెల ఆవిడకి. పురుడు పోయడానికని వాళ్ళమ్మ, అంటే మా అత్తగారు, శ్రీకాకుళం దగ్గర్నుంచి డిసెంబరులోనే వచ్చి ఉన్నారు. అలా రెండు రోజులు, ఒక ఇల్లు, నేను, మా అత్తగారు.

మీకు మా అత్తగారి గురించి తెలియాలి. ఆవిడకి చుట్ట అలవాటు. మామూలు చుట్ట కాదు, అడ్డపొగ. అంటే నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. మావైపు పెద్దవయసు ఆడవాళ్ళలో ఉన్నదే. చీరల మడతల్లో రెండు డబ్బాల చుట్టలు తెచ్చుకున్నారు. వచ్చిన కొత్తలో వంటింట్లో ముట్టిస్తే సీలింగు మీది అలారం మోగి, ఆవిడ పోలీసులొచ్చారనుకున్నారు. అప్పట్నుంచి గరాజ్‌లో, నా పాత షెడ్డు కోటు కప్పుకుని, బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని కాల్చుకునేవారు.

మొదటిరోజు ఎలా ఉంటుందంటే, చెయ్యి నీ మాట వినదు. ఫోన్ మోగితే చొక్కా జేబులోకి వెళుతుంది. కాఫీ తాగితే వెళుతుంది. అన్నం తినగానే వెళుతుంది. జేబులో ఏమీ లేదని వెయ్యిసార్లు చెప్పినా, వెయ్యిన్నొకటోసారి వెళ్ళి చూసి వస్తుంది. చిగుళ్ళు దురద. దవడలు నొప్పి. బాత్రూమ్‌లో కూర్చుంటే ఏ పనికి వచ్చానో ఒంటికి గుర్తులేదు. ఆ పనికి కూడా సిగరెట్టే తాళంచెవి అని అప్పుడు తెలిసింది. ఏలకులు నమిలాను, లవంగాలు నమిలాను, సోంపు డబ్బా ఖాళీ చేశాను. సోఫా సందుల్లో చేతులు పెట్టి వెతికాను. పాత కోట్ల లోపలి జేబులు తిరగేశాను. ఒకదాంట్లో రెండు కాలిన అగ్గిపుల్లలు దొరికితే వాసన చూశాను. కిటికీ దగ్గర నిలబడితే మూడు వైపులా మంచు. తలుపు తీయగలను, అడుగు వేయలేను. షాపు మైలు దూరం. ఆరోగ్యంగా ఉన్నవాడు నడుస్తాడు. నేను ఆ మైలు నడిస్తే సిగరెట్ దొరుకుతుంది, వేళ్ళు దొరకవు.

ఆదివారం మధ్యాహ్నం చుట్ట వాసన వచ్చింది. గరాజ్ తలుపు కింద వేలెడు సందు ఉంది. బట్టలుతికే గదిలో నేల మీద బోర్లా పడుకుని, ఆ సందుకి ముక్కు ఆనించి పీల్చాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రెండు రోజుల్లో సుఖంగా ఉన్నది ఆ నాలుగు నిమిషాలే. తలుపు తెరుచుకుంది.

"ఏటి బాబూ, పడిపోయినారేటి?"

"లేదండీ, స్క్రూ ఒకటి జారిపోయింది, వెతుకుతున్నాను."

"ముక్కుతో ఎతుకుతున్నారేటి?"

నేను లేచాను. ఆవిడ నన్ను దాటుకుని వెళ్ళి అన్నం పెట్టారు.  ఆవిడ పళ్ళాలు కడుగుతుంటే నేను ఆవిడ గదిలోకి వెళ్ళి, డబ్బాలోంచి ఒక చుట్ట తీసి నా కోటు జేబులో వేసుకున్నాను. ముప్ఫై మూడేళ్ళవాణ్ణి. అత్తగారి చుట్ట దొంగిలించాను. ముట్టించలేదు. ముట్టిస్తే ఆవిడకి తెలిసిపోతుందని తప్ప వేరే కారణం లేదు.

సోమవారం పొద్దున దారి తెరిచారు. సుగుణ వచ్చింది. మెట్ల మీద కూలబడి బూట్లు విప్పుతోంది, పాదాలు వాచి ఉన్నాయి. కాఫీ చల్లారిందని నేను అరిచాను. అక్కడితో ఆగి ఉండాల్సింది. "ఎలాగూ నీ జీతం మీద బతికేవాణ్ణే, ఒక కాలు ఉంటే ఎంత, లేకపోతే ఎంత" అన్నాను.

ఆవిడ తలెత్తలేదు. "నిన్న ఒకాయనకి ఒంటికాలి మీద నిలబడటం నేర్పాను. గంటసేపు పట్టింది, రెండడుగులు వేశాడు. రేపు మీకూ నేర్పమంటారా? ఒక చేత్తో మిమ్మల్ని పట్టుకుంటాను, ఒక చేత్తో బిడ్డని" అంది.

కాఫీ గిన్నె మళ్ళీ స్టవ్ మీద పెట్టాను. 

సాయంత్రం చర్చి దగ్గర నన్ను దింపి, "ఏడున్నరకి వస్తాను" అని వెళ్ళిపోయింది. సెల్లారులోకి మెట్లు. తలుపు తీయగానే పొగ. మామూలు పొగ కాదు. బల్బులు మబ్బుల వెనక చంద్రుళ్ళలా ఉన్నాయి. పాతికమంది మడతకుర్చీల్లో కూర్చుని, ఒకరితో ఒకరు పోటీ పెట్టుకున్నట్టు సిగరెట్లు కాలుస్తున్నారు. ప్రతి కుర్చీ పక్కనా యాష్‌ట్రే బదులు ఖాళీ కాఫీ డబ్బా. అమెరికా వైద్యం ఇలా ఉంటుంది కాబోలు, ముందు కడుపునిండా పెట్టి తరవాత మాన్పిస్తారనుకున్నాను. కుర్చీలో కూర్చోగానే పక్కనావిడ ప్యాకెట్ తెరిచి, "కావాలా నాయనా?" అంది. నా చెయ్యి లేచింది. రెండో చేత్తో దాన్ని పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నాను.

ఒక్కొక్కరే లేచి పేరు చెప్పి, తాగుతానని చెప్పి కూర్చుంటున్నారు. నా వంతు వచ్చింది.

"నా పేరు రావు. నేను తాగుతాను. రోజుకి ఇరవై. మూడు రోజుల నుంచి తాగలేదు."

చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఒకాయన, "ఏం తాగేవాడివి?" అని అడిగాడు.

"సిగరెట్లు."

 ఆ గదంతా నవ్వింది. నవ్వి, దగ్గి, మళ్ళీ నవ్వింది. జోకు వేయడమే బతుకైన వాణ్ణి నేను. జోకు వేయకుండా అంతమందిని నవ్వించింది ఆ ఒక్కసారే. అప్పుడు అర్థమైంది, నేను సారా తాగేవాళ్ళ మధ్య ఉన్నానని. మందు మానడానికి వాళ్ళకున్న తోడు సిగరెట్టే.

బయటికి పరిగెత్తాను. మెట్లెక్కి తలుపు తోసి, మంచులో నిలబడ్డాను. రెండు నిమిషాల్లో ఎడమ పాదంలో సూదులు. మూడో నిమిషంలో సూదులు కూడా తెలియలేదు. అది ఇంకా భయం. మళ్ళీ లోపలికి వచ్చి మెట్ల మధ్యలో కూర్చున్నాను. కింద ఉంటే పొగ, పైన ఉంటే చలి. రెండూ ఒకే కాలి కోసం చూస్తున్నాయి. సుగుణ రావడానికి ఇంకా గంట పైనే ఉంది. జేబులో చుట్ట ఉంది.

కిందనుంచి ఒక ముసలాయన వచ్చాడు. వాల్టర్ అట, కార్ల ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడు. "నవ్వినందుకు ఏమనుకోకు. మాకు ఇక్కడ నవ్వే అవకాశాలు తక్కువ" అన్నాడు. నన్ను బాయిలర్ గదిలోకి తీసుకెళ్ళాడు. వెచ్చగా ఉంది, పొగ లేదు. రెండు పెయింటు డబ్బాలు బోర్లించి ఒకటి నాకు చూపించాడు. తన చేతిలో ఉన్న సిగరెట్‌ని బూటు కింద నలిపేశాడు. కాలు గురించి డాక్టరు అన్నదంతా నాకొచ్చిన ఇంగ్లీషులో ఆయనకి చెప్పాను.

నేను చుట్ట తీశాను. ఆయన కళ్ళజోడు సరిచేసుకున్నాడు. "ఏమిటది?"

"మా అత్తగారిది."

"మీ అత్తగారు సిగార్ కాలుస్తుందా?"

"నిప్పు నోట్లో పెట్టుకుని."

ఆయన చాలాసేపు చుట్టని చూశాడు, తరవాత నన్ను చూశాడు. "ఆవిణ్ణి ఇక్కడికి తీసుకురాకు. మావాళ్ళు మళ్ళీ తాగడం మొదలుపెడతారు" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. "అగ్గి ఇవ్వు" అన్నాను. 

వాల్టర్ చొక్కా జేబులోంచి లైటర్ తీశాడు. "ఇస్తాను. ముందు ఆ బూటు విప్పు."

"ఎందుకు?"

"కాలు పోతుందంటున్నావుగా. పోయేముందు ఒకసారి చూడనీ."

బూటు విప్పాను, సాక్సు విప్పాను, కట్టు విప్పాను. ఇక్కడ ఒక నిజం చెప్పాలి. సాక్సు లాగి చూసిన రోజు నుంచీ కట్టు మార్చేది సుగుణే. ఆవిడ మారుస్తుంటే నేను సీలింగు కేసి చూస్తూ జోకులు వేసేవాణ్ణి. అప్పట్నుంచి నేను ఆ వేలిని చూడలేదు. బాయిలర్ వెలుగులో చూశాను. అది నా వేలులా లేదు. పక్క వేలు కూడా దాని దారే పట్టడానికి తయారుగా ఉంది. మిగతా పాదం మాత్రం ఇంకా నాదే.

వాల్టర్ ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. లైటర్‌ని మా ఇద్దరి మధ్య నేల మీద పెట్టాడు. "జీవితాంతం మానమని నేను చెప్పను. మీ ఆవిడ ఎన్నింటికి వస్తుంది?"

"ఏడున్నర."

"అయితే ఏడున్నర దాకా మాను. ఆ తరవాత నువ్వు ఆవిడ సమస్య."

కూర్చున్నాం. ఆయన తను మందు మానేసిన పదకొండేళ్ళ సంగతులేవో చెప్పాడు, నాకు సగమే వినబడింది. నా చూపు లైటర్ మీంచి వేలికీ, వేలి మీంచి లైటర్‌కీ తిరుగుతోంది. ఏడ్చాను కూడా. దాన్ని గురించి ఇంతకంటే రాయను. ఒకసారి వంగి లైటర్ తీసుకున్నాను. చేతిలో బరువుగా, వెచ్చగా ఉంది. మళ్ళీ పెట్టేశాను. ఏ మహత్తూ జరగలేదు. చుట్టని ఎంత పిండానో, దాని ఆకు విచ్చుకుని వేళ్ళకి అంటుకుంది.

పైన కారు హారన్ మోగింది. చుట్ట వాల్టర్ చేతిలో పెట్టి, బూటు తొడుక్కున్నాను.

అక్కడితో అయిపోలేదు. ఫిబ్రవరి అంతా నేను మనిషిని కాదు. అద్దం ముందు నిలబడి నన్నే తిట్టుకున్నాను. సుగుణతో మూడు రోజులు మాట్లాడలేదు, నాలుగో రోజు ఎందుకు మాట్లాడలేదో మరిచిపోయి మాట్లాడాను. షెడ్డులో మావాళ్ళు నేను కనబడితే సిగరెట్లు వెనక్కి దాచేవాళ్ళు. దాచినా పొగ పైకి లేచేది. వాల్టర్ రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు. ఆయనకి నేను ఒక్క తెలుగు మాట నేర్పాను. ఫోన్ ఎత్తగానే "తాగావా?" అనేవాడు, డెట్రాయిట్ యాసలో. "లేదు" అనేవాణ్ణి. పెట్టేసేవాడు. అంతే సంభాషణ. ఆ ఫోన్ చేయడం ఆయన ఏ రోజూ మానలేదు.

మార్చిలో చిటికెన వేలు తీసేశారు. దాన్ని కాపాడలేకపోయాను, ఆలస్యం చేశాను. పక్క వేలు ఉంది. పాదం ఉంది. గరాజ్‌లో వేళ్ళు రుద్దుకున్న ఆ కుర్రాడు ఇది చదువుతుంటే, బాబూ, అది చలి కాదు. రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్ళు. కట్టు మారుస్తుంటే సీలింగు కేసి చూడకు. ఫారం నింపే ఆవిడకి మాత్రం సరైన ఇంగ్లీషు మాట చెప్పు.

ఏప్రిల్ నెలాఖరున డాక్టరు నా పాదం పట్టుకుని చూసి, వెచ్చగా ఉందన్నాడు. పనికి వెళ్ళొచ్చన్నాడు. ఇంటికి వచ్చేసరికి ఎండ కాస్తోంది. మా అత్తగారు వంటింటి బల్ల దగ్గర చేటలో కందిపప్పు ఏరుతున్నారు. నేను కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, పాదం పైకెత్తి చూపించాను. డాక్టరు అన్నదంతా రెండుసార్లు చెప్పాను. మూడు నెలలు మానడమంటే ఎలాంటిదో, ఎంత మనోబలం కావాలో కూడా చెప్పాను. ఆవిడ వింటూనే పప్పులో రాయి ఒకటి తీసి పక్కన పెట్టారు.

"ఇంక మీ వంతు అత్తయ్యగారూ. నన్ను చూసైనా ఆ చుట్టలు మానండి. కష్టమే అనుకోండి, అందరివల్లా అయ్యేది కాదు."

ఆవిడ చేట దించకుండానే అన్నారు:

"నాను మానీసి మూడు నెల్లయినాది బాబూ. మీరింట్లో కొట్టుకుంటంటే నాకెలగ దిగుతాదది? మీలాగ పొద్దస్తమానం సెప్పుకోనేదు, అంతే."